కాంట్రాక్టు హౌస్‌కీపింగ్, సెక్యూరిటీ కార్మికులు జీతం లెక్క తీయడం, యూనియన్ పెట్టుకోవడం ఎలా

ఆసుపత్రిలో వార్డులు తుడిచే ఆయాలు, ఆఫీసుల్లో హౌస్‌కీపింగ్ చేసేవాళ్లు, మాల్ గేట్ల దగ్గర పన్నెండు గంటలు నిలబడే సెక్యూరిటీ గార్డులు పని చేసేది ఒకరి దగ్గర, జీతం తీసుకునేది ఇంకొకరి దగ్గర. అడిగితే ఆసుపత్రివాళ్లు కాంట్రాక్టర్‌ను చూపిస్తారు, కాంట్రాక్టర్ "బిల్లు రాలేదు" అంటాడు. ఈ సందులోనే జీతం పోతుంది. దాన్ని వెనక్కి తెచ్చుకోవాలంటే యూనియన్ కావాలి. అయితే జెండా, పేరు, అధ్యక్షుడు ఎవరన్నది తర్వాతి మాట. ముందు లెక్క తేలాలి, తర్వాత మనుషులు కూడాలి, ఆ తర్వాతే నోరు విప్పాలి. ఈ వరస తప్పిన చోట ముందుకొచ్చిన ఇద్దరు ముగ్గురి ఉద్యోగాలు పోతాయి, మిగతావాళ్లు ఏళ్ల తరబడి మళ్లీ నోరెత్తరు.

ఒక మాట ముందే చెప్పుకుందాం. 2025 నవంబర్ 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వేతనాలు, యూనియన్లు, కాంట్రాక్టు పని గురించిన పాత చట్టాల స్థానంలో ఇవి వచ్చాయి. వీటికి విరుద్ధం కానంత వరకు పాత నోటిఫికేషన్లు నడుస్తూనే ఉంటాయి. కాబట్టి ఏ దరఖాస్తుకైనా ఇప్పుడు ఏ ఫారం తీసుకుంటున్నారో లేబర్ ఆఫీసులో ముందు కనుక్కోండి. పాత ఫారంలో ఇచ్చారన్న కారణంతో దరఖాస్తు తిప్పి పంపితే నెలలు గడిచిపోతాయి.

మొదటి అడుగు: మీ యజమాని ఎవరో కాగితం మీద తేల్చుకోండి

మీకు ఇద్దరు యజమానులు. జీతం ఇచ్చేది కాంట్రాక్టర్. పని చేయించుకునే ఆసుపత్రి, కంపెనీ, మున్సిపాలిటీ ప్రిన్సిపల్ ఎంప్లాయర్. కాంట్రాక్టర్ జీతం ఎగ్గొడితే చెల్లించాల్సిన బాధ్యత ప్రిన్సిపల్ ఎంప్లాయర్‌దే. పాత కాంట్రాక్టు కార్మికుల చట్టంలోనూ ఇదే ఉంది, కొత్త కోడ్‌లోనూ ఇదే ఉంది. అయితే కాంట్రాక్టు పనికి సంబంధించిన నిబంధనలు గతంలో కేంద్ర చట్టం ప్రకారం 20 మంది ఉన్న చోట వర్తించేవి, ఇప్పుడు 50 మంది ఉండాలి. మీ చోట ఎంతమంది ఉన్నారో మొదటే లెక్కపెట్టుకోండి.

కాంట్రాక్టర్ పూర్తి పేరు, చిరునామా కావాలి. ఐడీ కార్డు మీద, జీతం పడిన బ్యాంకు మెసేజ్‌లో, పీఎఫ్ పాస్‌బుక్‌లో చూడండి. మూడు చోట్లా మూడు పేర్లు కనిపిస్తే ఆశ్చర్యపోకండి. అసలు కాంట్రాక్టర్ పనిని ఇంకొకరికి అప్పగించాడన్నమాట, అది కూడా మీకు పనికొచ్చే రుజువే. అపాయింట్‌మెంట్ లెటర్ ఇవ్వడం ఇప్పుడు తప్పనిసరి. ఇవ్వకపోతే అడిగినట్టు ఒక కాగితం రాసి పెట్టండి.

మీది ప్రభుత్వ ఆసుపత్రో, మున్సిపాలిటీయో, యూనివర్సిటీయో అయితే సమాచార హక్కు దరఖాస్తుకు మించిన ఆయుధం లేదు. మండల స్థాయి ఆఫీసులో రుసుము 5 రూపాయలు, ఆపై ఆఫీసుల్లో 10 రూపాయలు, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు ఉచితం. "అన్యాయం జరుగుతోంది, విచారించండి" అని రాస్తే ఏమీ రాదు. కాగితాలు అడగాలి: కాంట్రాక్టు ఒప్పందం నకలు, మంజూరైన కార్మికుల సంఖ్య, ఒక్కో కార్మికుడికి ఒప్పందంలో రాసిన నెల జీతం, గత పన్నెండు నెలల బిల్లులు, వాటితో జతచేసిన హాజరు పట్టీలు, పీఎఫ్, ఈఎస్‌ఐ చలాన్లు. జవాబుకు 30 రోజులు గడువు. రాకపోతే మరో 30 రోజుల్లోపు మొదటి అప్పీలు వేయండి. ఆ బిల్లులో వంద మంది పేర్లుండి మీరు పనిలో డెబ్బై మందే ఉంటే, మీ నడుములు ఎందుకు విరుగుతున్నాయో అక్కడే తెలుస్తుంది. ఈ దరఖాస్తు మీలో ఎవరూ స్వయంగా వేయొద్దు. ఆ కాంట్రాక్టు కింద పని చేయని మనిషితో, బంధువులతోనో బస్తీలో ఎవరితోనో వేయించండి. సమాచారం అడగడానికి కారణం చెప్పనక్కర్లేదు.

రెండో అడుగు: నోటుబుక్కు

పది రూపాయల నోటుబుక్కు ఒకటి కొనండి. ప్రతిరోజూ ఒక గీత: తేదీ, డ్యూటీ ఎక్కిన టైము, దిగిన టైము, ఏ వార్డు లేదా ఏ గేటు, ఆ రోజు సూపర్‌వైజర్ పేరు. వారం సెలవు ఇచ్చారా లేదా. నెల చివర అందిన డబ్బు, ఏ తేదీన అందింది. అంతే. నెలంతా ఒకేసారి కూర్చుని రాసిన పుస్తకం చూడగానే తెలిసిపోతుంది, కాబట్టి ఏ రోజుది ఆ రోజే రాయండి. రాయడం రానివాళ్లకు పక్కవాళ్లు రాసిపెట్టి వేలిముద్ర వేయించాలి. వీలైతే డ్యూటీ ఎక్కేటప్పుడు హాజరు రిజిస్టర్ పేజీకి ఫోనుతో ఫొటో తీసుకోండి.

దీనికి తోడు బ్యాంకు స్టేట్‌మెంటు, జీతం చీటీ, పీఎఫ్ పాస్‌బుక్ ఉండాలి. జీతం చీటీ ఇవ్వడం యజమాని బాధ్యత. పీఎఫ్ పాస్‌బుక్‌ను ఉమంగ్ యాప్‌లో చూడొచ్చు. స్మార్ట్‌ఫోన్ లేకపోతే, యూఏఎన్‌తో (పీఎఫ్‌లో మీకిచ్చే శాశ్వత నంబరు) కలిపిన ఫోను నుంచి 9966044425కి మిస్డ్ కాల్ ఇస్తే నిల్వ ఎంతో మెసేజ్ వస్తుంది.

జీతం అకౌంట్లో వేసి, అందులో రెండు మూడు వేలు నగదుగా వెనక్కి ఇమ్మనడం చాలా చోట్ల నడుస్తున్న దోపిడీ. ఏటీఎం కార్డు సూపర్‌వైజరే ఉంచుకునే చోట్లు కూడా ఉన్నాయి. ఇది రుజువు చేయడం కష్టమనుకుంటారు. అందరి బ్యాంకు స్టేట్‌మెంట్లు పక్కపక్కన పెట్టి చూడండి: జీతం పడిన రోజే, ఒకే ఏటీఎంలో, ఒకే మొత్తం ఇరవై మంది ఖాతాల నుంచి తీసి ఉంటుంది. ఇంతకన్నా గట్టి సాక్ష్యం ఉండదు. వీలైతే "నా దగ్గర నగదు లేదు, ఫోన్‌పే చేస్తాను" అనండి. డబ్బు ఎవరి పేరు మీదకు వెళ్లిందో కనిపిస్తుంది.

మూడో అడుగు: లెక్క

మీ రాష్ట్ర కార్మిక శాఖ కనీస వేతనాల పట్టిక తీసుకోండి. అందులో మూడు సంగతులు సరిచూడాలి. ఒకటి, మీ పని ఏ పద్దు కిందికి వస్తుంది: ఆసుపత్రులకు, సెక్యూరిటీకి, దుకాణాలకు పట్టికలు వేరు. కాంట్రాక్టర్ తనకు చవకైన పద్దు చూపిస్తాడు. రెండు, మీరు ఏ జోన్, ఏ నైపుణ్యం కేటగిరీ. మూడు, బేసిక్ మీద వీడీఏ (ధరలను బట్టి మారే కరువు భత్యం) కలిపారా. ఏపీలోనూ తెలంగాణలోనూ వీడీఏ ఏటా ఏప్రిల్ 1న, అక్టోబర్ 1న మారుతుంది. రెండేళ్ల కిందటి పట్టిక పెట్టుకుని జీతం ఇవ్వడం చాలా మామూలు. రైల్వే, విమానాశ్రయం, కేంద్ర సంస్థల్లో పని చేసేవాళ్లకు కేంద్ర ప్రభుత్వ రేటు, కేంద్ర లేబర్ కమిషనర్ ఆఫీసు. రాష్ట్ర ఆఫీసుకు వెళ్తే "మా పరిధి కాదు" అంటారు, అది తెలిసేసరికి నెలలు పడుతుంది. తెలంగాణ ప్రభుత్వ ఆఫీసుల్లో ఔట్‌సోర్సింగ్ అయితే 2021 నాటి జీవో 60 చూడండి: మూడు శ్రేణులకు 15,600, 19,500, 22,750.

ఇప్పుడు ఒక లెక్క వేద్దాం. అంకెలు సులువుగా ఉండడానికి మీ పట్టిక రేటు నెలకు 13,000 అనుకోండి. ఈ రేటు వారం సెలవుతో కలిపి 26 పని దినాలకు. రోజుకు 500, గంటకు 62 రూపాయల 50 పైసలు.

కాంట్రాక్టర్లు చేసే మొదటి గారడీ: 13,000ను 30తో భాగించి రోజుకు 433 అంటారు, కానీ వారం సెలవుకు డబ్బు ఇవ్వరు. 26 రోజులు పని చేస్తే చేతికి 11,266 వస్తుంది. నెలకు 1,733 పోయినట్టు.

రెండోది ఇంకా పెద్దది, సెక్యూరిటీలో ఎక్కువ. పన్నెండు గంటల డ్యూటీకి "నెలకు 14,000 ఫిక్స్" అంటారు. ఓటీకి, అంటే మామూలు గంటలు దాటి చేసిన పనికి, మామూలు రేటుకు రెట్టింపు ఇవ్వాలి, అంటే గంటకు 125. రోజుకు 4 గంటల ఓటీ 500 రూపాయలు. 26 రోజులకు 13,000. అసలు జీతంతో కలిపితే 26,000 రావాలి. ఇచ్చింది 14,000. నెలకు 12,000, ఏడాదికి 1,44,000 ఒక్క మనిషి దగ్గర మిగుల్చుకుంటున్నారు. అలాంటి గార్డులు ముప్పై మంది ఉంటే ఏడాదికి 43,20,000. ఈ అంకె చెప్పినప్పుడు మీటింగులో వచ్చే నిశ్శబ్దం వంద ఉపన్యాసాలతో రాదు. "రోజుకు పది గంటలు చేయించుకోవచ్చని జీవో వచ్చింది కదా" అని మేనేజ్‌మెంట్ అంటే బెదరకండి. 2025 జులైలో తెలంగాణ వాణిజ్య సంస్థలకు ఇచ్చిన ఆ సడలింపులో కూడా వారానికి 48 గంటల హద్దు అలాగే ఉంది. ఆరు రోజులు పన్నెండు గంటల చొప్పున చేస్తే 72 గంటలు, అందులో 24 గంటలు ఓటీయే.

మూడోది పీఎఫ్, ఈఎస్‌ఐ. 13,000 మీద మీ వాటా పీఎఫ్ 12 శాతం, 1,560. ఈఎస్‌ఐ 0.75 శాతం, 98. చేతికి 11,342 రావాలి. యజమాని వాటాగా పీఎఫ్ ఖర్చులతో కలిపి 13 శాతం, ఈఎస్‌ఐ 3.25 శాతం ఉంటాయి. వాటిని మీ జీతం నుంచి కోయడానికి వీల్లేదు. కోస్తే నెలకు మరో 2,112 పోయినట్టే. పాస్‌బుక్‌లో మీ వాటా గడిలో 1,560 ఉందా చూడండి. 840 ఉంటే 7,000 జీతం మీదే కడుతున్నాడని అర్థం. ఇంకొకటి ఎవరూ చూడరు: ఈఎస్‌ఐలో మీరు ఎన్ని రోజులు పని చేసినట్టు చూపించారు? ఆరు నెలల కాలంలో కనీసం 78 రోజుల చందా లేకపోతే జబ్బు చేసినప్పుడు వచ్చే 70 శాతం భృతి రాదు. నెలకు పన్నెండు రోజులే చూపించే కాంట్రాక్టర్ వల్ల, డెంగీతో మంచాన పడ్డ మనిషి ఆసుపత్రి దాకా వెళ్లి ఉత్త చేతులతో తిరిగి వస్తుంది.

జరిమానాలు, యూనిఫాం కోతలు వేరే కాగితంలో రాయండి. జరిమానా మొత్తం ఆ నెల జీతంలో 3 శాతం దాటకూడదు. 13,000కు 390. ఒక్కరోజు రాకపోతే రెండు రోజుల జీతం కోయడం చెల్లదు.

నాలుగో అడుగు: మనుషుల్ని కూడగట్టడం

అందరినీ ఒకేసారి పిలవకండి. ముందు కాగితం మీద గళ్లు గీయండి: నిలువున వార్డులు లేదా గేట్లు, అడ్డంగా షిఫ్టులు. ప్రతి గడిలో అక్కడ పని చేసేవాళ్ల పేర్లు రాయండి. ఖాళీ గడి ఎక్కడుందో అక్కడే మీ యూనియన్ విరుగుతుంది. సాధారణంగా ఆ ఖాళీ నైట్ డ్యూటీలో ఉంటుంది, లేదా కొత్తగా వచ్చిన బీహార్, ఒడిశా కుర్రాళ్ల దగ్గర ఉంటుంది. వాళ్ల భాష వచ్చిన మనిషిని ఒకరిని వెతికి పెట్టుకోండి. ఎనిమిది, పది మందికి ఒకరు చొప్పున బాధ్యులు ఉండాలి. ఆ బాధ్యులు గట్టిగా మాట్లాడేవాళ్లు కానక్కర్లేదు. కష్టం వచ్చినప్పుడు తోటివాళ్లు ఎవరి దగ్గరికి వెళ్తారో వాళ్లే కావాలి. హౌస్‌కీపింగ్‌లో ఎక్కువమంది ఆడవాళ్లే ఉంటారు, కానీ కమిటీలో ముగ్గురు మగవాళ్లు కూర్చుంటారు. అలాంటి కమిటీకి బట్టలు మార్చుకునే గది లేదన్న సంగతి, నైట్ డ్యూటీ దిగాక బస్సు దొరకదన్న సంగతి కనబడవు. బాధ్యుల్లో సగానికి పైగా ఆడవాళ్లు ఉండాలని మొదటి రోజే పెట్టుకోండి.

ఒక్కొక్కరితో విడిగా మాట్లాడండి. "యూనియన్‌లో చేరతావా" అని మొదలుపెట్టొద్దు. "అక్కా, పోయిన నెల నీకెంత పడింది, ఎన్ని డ్యూటీలు చేశావు" అని అడిగి, లెక్క ఆమె ముందే వేసి చూపించండి. ఎంత పోతోందో ఆమే చెబుతుంది. తర్వాత ఆమెకు ఒక చిన్న పని అప్పగించండి, తన వార్డులో ముగ్గురి పాస్‌బుక్‌లు చూసి రమ్మనండి. ఆ పని చేసుకొచ్చిన మనిషి మీతో నిలబడుతుంది. తల ఊపి ఊరుకున్న మనిషిని ఇంకా లెక్కలో వేసుకోకండి.

మీటింగులు పని చేసే చోట వద్దు. జీతాలు పడిన మర్నాడు, బస్తీలో ఎవరి ఇంట్లోనైనా కూడండి. రెండు షిఫ్టులకు రెండు మీటింగులు పెట్టండి. వాట్సాప్ గ్రూపు మొదట్లో అసలే వద్దు. గ్రూపు పెట్టిన సాయంత్రానికి స్క్రీన్‌షాట్ సూపర్‌వైజర్ ఫోనులో ఉంటుంది.

చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ దరఖాస్తుకు ఏడుగురు చాలు. కానీ ఆ సంస్థలోని కార్మికుల్లో పది శాతం మంది లేదా వంద మంది, ఏది తక్కువైతే అంతమంది సభ్యులుగా ఉండాలి. ఈ అంకె చూసి తొందరపడకండి. ఒకటికి మించి యూనియన్లు ఉన్న చోట, యాజమాన్యంతో చర్చలు జరిపే ఏకైక యూనియన్‌గా గుర్తింపు రావాలంటే మస్టర్‌లో (హాజరు పట్టీలో) ఉన్నవాళ్లలో 51 శాతం మీ వైపు ఉండాలి. సంతకం పెట్టినవాళ్లలో కొందరు భయంతో వెనక్కి తగ్గుతారు. కాబట్టి నూటికి డెబ్బై సంతకాలు చేతిలో పడేదాకా బయటపడొద్దని మా సలహా.

ఐదో అడుగు: రిజిస్ట్రేషన్

ఒక సర్వసభ్య సమావేశం పెట్టి మినిట్స్ (సమావేశంలో జరిగినదాని నమోదు) రాయండి: తేదీ, స్థలం, హాజరైనవాళ్ల సంతకాలు, యూనియన్ పేరు, నిబంధనావళికి ఆమోదం, ఎన్నికైన కార్యవర్గం. నిబంధనావళిలో పేరు, ఉద్దేశాలు, నిధి దేనికి ఖర్చు చేయొచ్చు, సభ్యత్వం ఎలా ఇస్తారు, చందా ఎంత, ఎన్నికలు ఎలా, ఆడిట్ ఎలా, యూనియన్ రద్దు ఎలా అన్నవి తప్పక ఉండాలి. ఇవి లేకపోతే దరఖాస్తు తిప్పి పంపుతారు. దరఖాస్తు, అఫిడవిట్, దరఖాస్తుదారుల వివరాలు, నిబంధనావళి, సభ్యుల జాబితా, ఇవన్నీ రిజిస్ట్రార్ ఆఫ్ ట్రేడ్ యూనియన్స్‌కు ఇవ్వాలి. మీ జిల్లాకు ఆ అధికారం ఏ అధికారికి ఉందో సహాయ కార్మిక అధికారి ఆఫీసులో చెబుతారు. హైదరాబాద్‌లో ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దగ్గరి టి. అంజయ్య కార్మిక సంక్షేమ భవన్‌లో కనుక్కోవచ్చు.

తిరస్కరణలు ఎక్కువగా చిన్న తప్పుల వల్లే వస్తాయి: ఆధార్‌లో ఒక పేరు, జాబితాలో ఇంకొకటి, అదే పేరుతో ఇప్పటికే ఒక యూనియన్ ఉండటం, మినిట్స్‌లో తేదీ లేకపోవడం. బయటివాళ్లను కార్యవర్గంలోకి తీసుకునేటప్పుడు హద్దు గుర్తుంచుకోండి. మూడో వంతు లేదా ఐదుగురు, ఏది తక్కువైతే అంతకు మించి బయటివాళ్లు ఉండకూడదు. సీఐటీయూ, ఏఐటీయూసీ, ఐఎన్‌టీయూసీ, బీఎంఎస్ లాంటి కేంద్ర సంఘాల్లో చేరడం వల్ల లాయర్, అనుభవం, అధికారుల దగ్గర పలుకుబడి దొరుకుతాయి. చేరినా డబ్బు ఖాతా, మినిట్స్ పుస్తకం, సభ్యుల జాబితా మీ చేతుల్లోనే ఉంచుకోండి.

చందా నెలకు 20, 30 రూపాయలు చాలు. ప్రతి పైసాకూ రశీదు ఇవ్వాలి. యూనియన్ పేరు మీద బ్యాంకు ఖాతా, ఇద్దరి సంతకాలు ఉండాలి. ప్రతి నెలా జమాఖర్చులు అందరి ముందూ చదవాలి. యూనియన్లు యాజమాన్యం దెబ్బకన్నా "డబ్బు వాడు తిన్నాడట" అన్న మాటకే ఎక్కువగా కూలిపోతాయి.

ఆరో అడుగు: డిమాండ్లు పెట్టడం, క్లెయిము వేయడం

మొదటి వినతిపత్రంలో ఐదుకు మించి డిమాండ్లు వద్దు. "న్యాయమైన జీతం ఇవ్వాలి" అని రాయకండి. "ఫలానా నోటిఫికేషన్ ప్రకారం నెలకు ఇంత రావాలి, ఇంత ఇస్తున్నారు, జాబితాలోని 64 మందికి ఇంత తేడా, ఏడో తేదీలోగా జీతం, ప్రతి నెలా జీతం చీటీ" అని రాయండి. మొదటి ఐదింటిలో ఒక్కటైనా నెలలోపు సాధించగలిగేది ఉండాలి. ఏడో తేదీలోపు జీతం అలాంటిది, చట్టంలో ఉన్నదే కాబట్టి ఎదురు చెప్పలేరు. కాంట్రాక్టర్‌కు, ప్రిన్సిపల్ ఎంప్లాయర్‌కు ఇద్దరికీ ఇవ్వండి, నకలు లేబర్ ఆఫీసుకు ఇవ్వండి. చేతికిస్తే నకలు మీద ముద్ర, తేదీ వేయించుకోండి. తీసుకోకపోతే స్పీడ్ పోస్టులో పంపి రశీదు, అందినట్టు ఆన్‌లైన్‌లో కనిపించే కాగితం దాచండి.

పదిహేను రోజుల్లో కదలిక లేకపోతే క్లెయిము వేయండి. వేతనాల కోడ్ కింద అందరి తరఫునా ఒకే దరఖాస్తును రిజిస్టర్డ్ యూనియన్ వేయొచ్చు, పేర్ల పట్టికతో. జీతం సరిగా ఇచ్చామని రుజువు చేసుకోవాల్సింది యజమానే. బకాయితో పాటు దానికి పది రెట్ల దాకా పరిహారం వేసే అధికారం క్లెయిము విచారించే అధికారికి ఉంది. గడువు మూడేళ్లు. పాత చట్టం కింద కనీస వేతనాల క్లెయిముకు ఆరు నెలలే ఉండేది, అందుకని కోడ్‌కు ముందు నెలల బకాయిల మీద వాదన వస్తుంది. ఆ నెలలను వేరే పట్టికలో చూపించండి, మిగతా క్లెయిము చిక్కుల్లో పడదు.

అధికారి పిలిచే జాయింట్ మీటింగుకు ముగ్గురికి తగ్గకుండా వెళ్లండి, ఒక్కరు ఎప్పుడూ వెళ్లొద్దు. కాంట్రాక్టర్ పక్కకు పిలిచి ఆ ఒక్కరికే జీతం పెంచుతానంటాడు. ఒప్పుకొన్న మాటలన్నీ మినిట్స్‌లో రాయించి, అందరి సంతకాలయ్యాక నకలు తీసుకున్నాకే కుర్చీలోంచి లేవండి.

ఎదురుదెబ్బ వచ్చినప్పుడు

మొదట దూరపు సైటుకు బదిలీ చేస్తారు. తర్వాత "రేపటి నుంచి రావొద్దు" అని నోటితో చెబుతారు. ఇంటికి వెళ్లిపోతే "తనే మానేసింది" అని రాసుకుంటారు. మర్నాడు డ్యూటీ టైముకు గేటు దగ్గరికి వెళ్లండి, పక్కన ఇద్దరు ఉండాలి, గేటు దగ్గర టైముతో ఫొటో తీసుకోండి. అదే రోజు "పనికి వచ్చాను, రానివ్వలేదు" అని రాసి పంపండి. యూనియన్‌లో చేరినందుకు తీసేయడం చట్టం ప్రకారం అనుచిత కార్మిక విధానం, పది వేల నుంచి రెండు లక్షల దాకా జరిమానా. తీసేసిన మనిషి కేసు రెండేళ్లలోపు వేయాలి. ఖాళీ తెల్లకాగితం మీద, "అన్నీ ముట్టాయి" అన్న కాగితం మీద ఎవరూ సంతకం పెట్టొద్దు.

సమ్మె చివరి మెట్టు, దాని గడువులు కఠినమైనవి. 14 రోజుల ముందు నోటీసు తప్పనిసరి. లేబర్ అధికారి దగ్గర సయోధ్య చర్చలు నడుస్తుండగా, అవి ముగిశాక ఏడు రోజుల దాకా సమ్మె చేయకూడదు. సగం మంది కూడబలుక్కుని ఒకే రోజు సెలవు పెట్టినా సమ్మె కిందే లెక్క. చట్టవిరుద్ధ సమ్మెకు కార్మికుడికి వెయ్యి నుంచి పదివేల జరిమానా, నెల దాకా జైలు ఉన్నాయి. ఆసుపత్రుల్లో ఎస్మా (అత్యవసర సేవల్లో సమ్మెను నిషేధించే చట్టం) కూడా రావొచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో 2023 డిసెంబర్ 12న అంగన్‌వాడీలు మొదలుపెట్టిన సమ్మె మీద జనవరిలో ఎస్మా ప్రయోగించారు. అయినా వాళ్లు 42 రోజులు నిలబడ్డారు. సంఘం గట్టిగా ఉంది కాబట్టే అది సాధ్యమైంది. నెల జీతం లేకుండా ఎన్ని ఇళ్లు గడుస్తాయో లెక్క వేసుకుని, ఆ ఇళ్లకు బియ్యం, అద్దె నిధి కూడబెట్టాకే నోటీసు రాయండి. అప్పటిదాకా నల్ల బ్యాడ్జీలు, డ్యూటీ దిగాక గేటు దగ్గర అరగంట నిలబడటం, భోజన విరామంలో ధర్నా సరిపోతాయి.

టెండరు మారే నెల

కాంట్రాక్టు గడువు ఎప్పుడు ముగుస్తుందో ఒప్పందంలో చూసి పెట్టుకోండి. కొత్త కాంట్రాక్టర్ వచ్చేటప్పుడే యూనియన్ నాయకుల్ని వదిలేస్తారు, ఒక్కొక్కరి దగ్గర "ఎంట్రీ" పేరుతో డబ్బు కూడా వసూలు చేస్తారు. గడువుకు మూడు నెలల ముందే ప్రిన్సిపల్ ఎంప్లాయర్‌కు రాయండి: ఇప్పుడున్న కార్మికులనే కొనసాగించాలన్న షరతు, కనీస వేతనం ఎప్పుడు పెరిగితే అప్పుడు బిల్లు పెరుగుతుందన్న షరతు, పీఎఫ్ చలాను చూపించాకే బిల్లు చెల్లిస్తామన్న షరతు టెండరులో రాయాలని. టెండరు వెలువడ్డాక అడిగితే "ఇప్పుడేం చేయలేం" అంటారు. పాత కాంట్రాక్టర్ చివరి నెల జీతం, సెలవు డబ్బులు, బోనస్ తేలేదాకా అతని చివరి బిల్లు, డిపాజిట్ ఆపమని అదే ఉత్తరంలో కోరండి. కొత్తవాళ్లు పీఎఫ్ కట్టేటప్పుడు పాత యూఏఎన్ నంబరే ఇవ్వండి. కొత్త నంబరు తీస్తే పాత సర్వీసు తెగిపోయినట్టు కనిపిస్తుంది.